రాగిరేకుపై నిలిచిన నావ



పుస్తకమును చదువుదుము, పటమును చూతుము అని మనము వాడుకగా చెప్పుకొందుము. అయితే కొన్ని పటములు కలవు; వానిని పుస్తకమువలెనే నిదానముగా, వరుస తప్పక చదువవలెను. అట్టి పటము నొకదానిని ఈ సంవత్సరము మీ యెదుట పెట్టదలచితిని. అది లండను నగరమందలి పరిశుద్ధ పౌలు కెథీడ్రలు లోపలి భాగమును చూపు పటము. బిషప్పుగారి పీఠముండు ప్రధాన దేవాలయమునకు కెథీడ్రలని పేరు. ఈ పటమును చెక్కినవాడు వెన్సెస్లాసు హోలరు. ఇది 1658వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక గ్రంథమునందు చేరినది. దానికి ఎనిమిదేండ్ల తరువాత ఆ దేవాలయము అగ్నిపాలయ్యెను. ఇప్పుడు లండనులో గొప్ప గుమ్మటముతో నున్న పౌలు దేవాలయము అదే స్థలమున తరువాత కట్టబడినది. కావున హోలరు చూచిన దానిని మనము అతని పటములయందే చూడగలము.

క్రైస్తవ దేవాలయమందలి రాయి, గవాక్షము, ద్వారము మొదలగు వానిలో అనేకములు కంటికి కనబడని సత్యములకు గుర్తులుగా నుండునని పెద్దలు మనకు బోధింతురు. అది నిజమే. అట్లైనయెడల ఆ గుర్తు కాలి బూడిదయైనప్పుడు, దానిచే సూచింపబడిన సత్యము ఏమగును? ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని పటమును చదువుదము.

చిత్రకారుడు

హోలరు 1607వ సంవత్సరమున బొహీమియా దేశపు ముఖ్యపట్టణమగు ప్రేగునందు జన్మించెను. ముప్పది సంవత్సరముల యుద్ధమని చరిత్రలో పేరొందిన సంగ్రామముచే ఆ దేశము కల్లోలపడియున్న దినములలో, 1627లో, అతడు స్వస్థలమును విడిచి జర్మను పట్టణములలో తిరుగుచు పటములు చెక్కి జీవించెను. 1636లో ఆరండెలు ప్రభువను ఆంగ్లేయ కులీనుడు అతని నేర్పును గుర్తించి తనతో ఇంగ్లాండునకు తీసికొనిపోయెను. అక్కడను అంతర్యుద్ధము రేగగా హోలరు 1644లో ఆంట్వెర్పు పట్టణమునకు పోయి, 1652లో మరల లండను చేరెను.

జీవితకాలమున అతడు చెక్కిన పటములు సుమారు 2,700. ఇంత పనిచేసినను అతనికి ధనము చేకూరలేదు. ఇసుక గడియారమును ఎదుట పెట్టుకొని గంటకు నాలుగు పెన్నీల చొప్పున కూలి పుచ్చుకొనుచుండెననియు, ఎవరైన వచ్చి మాటలాడినయెడల ఆ గడియారమును ప్రక్కకు పరుండబెట్టి ఇసుక రాలకుండ నిలుపుచుండెననియు అతనిగూర్చి చెప్పుదురు. మాటలకు పోయిన కాలమునకు కూలి పుచ్చుకొనుట అన్యాయమని అతని తలంపు. అతడు 1677లో బీదవాడుగానే మరణించెను.

పూర్వకాలపు శాసనములను, పత్రములను సేకరించుటయందు ఆసక్తిగల విల్లియము డగ్డేలు అను పండితుడు పౌలు దేవాలయ చరిత్రను వ్రాయ బూనెను. దేవాలయము శిథిలమగుచుండుట అతడు చూచుచునే యుండెను. ఆ గ్రంథమునకు కావలసిన పటములను చెక్కు పని హోలరునకు అప్పగింపబడెను. ఖర్చులకై అనేక గృహస్థులు చందాలిచ్చిరి. ఏ పటమునకు ఎవరు సొమ్మిచ్చిరో వారి పేరును, వంశచిహ్నమును ఆ పటముపైననే చెక్కిరి.

పటము పుట్టిన విధము

ఇట్టి పటములను ఇంగ్లీషున ఎచ్చింగులందురు. వానిని చేయు విధమును తెలిసికొనకున్న వాని విలువ మనకు పూర్తిగా బోధపడదు. మొదట నున్నగా సానపట్టిన రాగిరేకును వెచ్చచేసి, దానిపై మైనమును, గుగ్గిలమువంటి జిగురును కలిపిన పలుచని పూత పూయుదురు. ఆ పూతను దీపపు పొగచే నల్లగా చేయుదురు. పిదప చిత్రకారుడు సూదిని పట్టుకొని, కాగితముపై కలముతో వ్రాసినట్లే, ఆ నల్లని పూతపై గీతలు గీయును. సూది పోయిన చోటనెల్ల మైనము తొలగి రాగి మెఱయును. అప్పుడు రేకును ద్రావకమునందు ఉంచుదురు. మైనమున్న చోట ద్రావకము రేకును తాకజాలదు. మైనము తొలగిన చోట రాగిని కొఱికి పల్లము చేయును. ఎక్కువసేపు కొఱికిన గీత నల్లగాను, తక్కువసేపు కొఱికినది సన్నగాను అచ్చుపడును.

తరువాత పూతను తుడిచివేసి, రేకునంతటిని సిరాతో రుద్ది, పైభాగమును శుభ్రముగా తుడుతురు. పల్లములలో మాత్రము సిరా నిలిచియుండును. తడిపిన కాగితమును దానిపై పఱచి రెండు దిమ్మెల నడుమ గట్టిగా నొత్తగా, ఆ సిరా కాగితమునకు ఎక్కును. రేకుపై కుడివైపుననున్నది కాగితముపై ఎడమవైపునకు వచ్చును. కావున చిత్రకారుడు తాను చూచినదానిని అద్దములోని ప్రతిబింబమువలె త్రిప్పి గీయవలెను; అక్షరములను సైతము తలక్రిందుచేసినట్లు వెనుకనుండి వ్రాయవలెను.

ఇందులో రెండు విషయములు గమనింపుడు. గాయపడిన చోటనే రేకు సిరాను పట్టుకొనును. గాయములేని భాగము తెల్లగానే మిగులును. ఇది మొదటిది. రేకు నొకటి చేసినయెడల నూర్లకొలది కాగితములు అచ్చువేయవచ్చును. ఒక కాగితము చినిగినను మఱియొకటి మిగులును. ఇది రెండవది. రాతి కట్టడము ఒక్కచోటనే నిలిచియుండును. కాగితము దేశదేశములకు పోవును.

గుర్తనగా నేమి?

మన యిండ్లలో వివాహము జరుగునప్పుడు వాకిట మామిడాకుల తోరణము కట్టుదుము. దారిని పోవువారు దానిని చూచి, ఈ యింట శుభకార్యము కలదని గ్రహింతురు. ఆకులే శుభకార్యము కావు. శుభకార్యమును తెలియజేయు గుర్తులు. రెండు మూడు దినములకు ఆకులు వాడి రాలిపోవును. వివాహము మాత్రము రాలిపోదు. దేవాలయమందలి గుర్తులును ఇట్టివే.

అయితే గుర్తులను చదువుటలో నొక జాగ్రత్త అవసరము. కట్టువారు బుద్ధిపూర్వకముగా నుంచిన గుర్తులు కొన్ని. కట్టడము నిలుచుటకై ఏర్పడినవై, తరువాతివారు భక్తితో అర్థము చెప్పుకొన్నవి మఱికొన్ని. రెండును మేలే, గాని రెండింటిని కలిపివేయరాదు. ఉదాహరణమునకు, హోలరు పటములో గోడ మూడు అంతస్తులుగా నున్నది. క్రింద గొప్ప కమానులు, వానిపై చిన్న కమానుల వరుస, దానిపై వెలుతురు వచ్చు గవాక్షములు. ఈ మూటిని చూచి త్రిత్వమును తలచుకొన్న భక్తులు కలరు. తలచుకొనవచ్చును. అయినను మూడు అంతస్తులుగా కట్టుటకు అంత యెత్తుగల కప్పును మోయవలసిన అవసరమే మొదటి కారణము. గవాక్షము వెలుతురు నిచ్చుటకే పుట్టినది. వెలుతురు మనకు దేవుని జ్ఞాపకము చేయుట దాని రెండవ పని.

నావ

ఇప్పుడు పటమును విప్పుదము. మీరు పశ్చిమ ద్వారమునొద్ద నిలిచి తూర్పునకు చూచుచున్నట్లు ఊహించుకొనుడు. ఇరుప్రక్కల బలమైన స్తంభములు వరుసగా సాగిపోవుచున్నవి. వానిపై అర్ధచంద్రాకారములైన కమానులు. పైన రాతికప్పు, దాని యంచులు ప్రక్కటెముకలవలె కలిసికొనుచున్నవి. దూరము పోయినకొలది స్తంభములు చిన్నవై, గీతలన్నియు తూర్పుదిక్కున నొక్కచోటికి చేరుచున్నవి.

పటముపై లాటిను భాషలో పేరు వ్రాయబడియున్నది. అందు మొదటి మాట 'నావిస్'. దాని యర్థము ఓడ. జనులు కూడి నిలుచు దేవాలయ భాగమునకు పూర్వపు క్రైస్తవులు పెట్టిన పేరు ఇదియే; ఇంగ్లీషున దానిని 'నేవు' అందురు. తెలుగు విద్యార్థులకు ఇందులో నొక సంతోషము కలదు. మనము వాడు 'నావ' యను మాట సంస్కృతమునుండి వచ్చినది. సంస్కృతమందలి ఆ మాటయు, లాటినునందలి 'నావిస్'యు ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున ఈ పటమునకు నావ యని తెలుగున పేరు పెట్టినయెడల, పరాయి మాటను తెచ్చుకొన్నట్లు కాదు. చుట్టపు మాటను పిలిచినట్లగును.

దేవాలయమును ఓడయని యేల పిలిచిరి? జలప్రళయమున నోవహు కుటుంబమును ఓడ రక్షించినట్లే సంఘము విశ్వాసులను రక్షించునని ఆది సంఘ పండితులు బోధించిరి. గలిలయ సముద్రమున తుపాను రేగినప్పుడు ప్రభువు శిష్యులతోకూడ దోనెలో నుండుటయు వారికి జ్ఞాపకమే. పైకప్పును తలయెత్తి చూచినయెడల బోర్లించిన పెద్ద ఓడ లోపలి భాగమువలె నుండును. ఈ నావలో స్తంభముల నడిమి విభాగములు పండ్రెండు. పండ్రెండనగానే ఇశ్రాయేలు గోత్రములును, అపొస్తలులును తలంపునకు వత్తురు.

తూర్పును, సిలువయు

నావకు ఒక గమ్యముండును. ఈ నావ ముఖము తూర్పువైపు. సూర్యుడుదయించు దిక్కు పునరుత్థానమునకును, ప్రభువు రాకడకును గుర్తని సంఘము తొలినుండి యెంచినది. హోలరు గీతలన్నియు ఆ దిక్కునకే పోవుట మీరు చూచితిరి. దూరపు వస్తువులను చిన్నవిగా చూపు శాస్త్రమును అతడు నేర్చినవాడే. అయినను ఫలితమేమనగా, పటమును చూచువాని చూపు స్తంభము స్తంభముగా నడిచి తూర్పు చేరక మానదు.

తూర్పు గోడను హోలరు వేఱొక పటములో చూపెను. అందు ఏడు పొడవైన గవాక్షములు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. వానిపై గులాబి గవాక్షమను గొప్ప వర్తులము కలదు. చక్రమునకు ఆకులవలె రాతికడ్డీలు నడిమినుండి అంచునకు సాగును. ఏడు సంపూర్ణతకు గుర్తు. ఆది అంతములు లేని వర్తులము నిత్యత్వమునకు గుర్తు. ఉదయ సూర్యుని వెలుగు మొదట దీనిగుండనే లోపలికి వచ్చుచుండెను. ఈ గవాక్షము ఎంత ప్రసిద్ధికెక్కెననగా, పదునాలుగవ శతాబ్దపు కవియగు చాసరు తన కథలలో నొక వేడుకగాని పాదరక్షలపై పౌలు గవాక్షపు అల్లిక చెక్కబడియుండెనని పరిహాసముగా వర్ణించెను. నిత్యత్వమునకు గుర్తైనది చెప్పులకు అలంకారమయ్యెను. గుర్తు యొక్క అర్థము మఱచినయెడల దానికి ఇట్టి గతి పట్టును.

గ్రంథములో దేవాలయపు నేలపటము కూడ కలదు. పైనుండి చూచినట్లు గీసిన ఆ పటములో దేవాలయమంతయు సిలువ యాకారమున కనబడును. తూర్పు పడమరల పొడవు 600 అడుగులకు కొంచెము తక్కువ. ఉత్తర దక్షిణములకు రెండు భుజములు. లోపల నడుచువారికి ఈ యాకారము ఒక్కసారిగా కనబడదు. స్తంభమును చూతురు, గోడను చూతురు. తాము సిలువలో నడుచుచున్నామని జ్ఞాపకముంచుకొనువారు కొందఱే. మన దేశమున మెదకు పట్టణమందు 1924వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన కెథీడ్రలును సిలువ యాకారముననే కట్టబడినది. దానిని చూడబోవు విద్యార్థులు నడిమికి వచ్చినప్పుడు కుడియెడమల చూచినయెడల ఈ మాటలు వారికి సులభముగా బోధపడును.

కనబడని శిఖరము

హోలరు పటములలో నొకటి మిక్కిలి విచిత్రమైనది. అందు దేవాలయపు నడిమి స్తూపముపై, ఆకాశమును చూపు వ్రేలువలె, సూదిగానున్న శిఖరము కలదు. అది 450 అడుగులకు మించిన యెత్తుగలది. అయితే ఆ శిఖరము 1561వ సంవత్సరము జూను 4వ తేదీన పిడుగుపాటుచే కాలిపోయెను, తిరిగి కట్టబడలేదు. హోలరు పుట్టుటకు నలువదియారు ఏండ్లకు ముందే అది లేదు. పూర్వపు చిత్రములను ఆధారము చేసికొని అతడు దానిని గీసెను. అతడు ఎవరిని మోసపుచ్చలేదు. పిడుగు పడకమునుపు దేవాలయము ఇట్లుండెనని పటముపైననే వ్రాసెను. శిఖరముతో నొక పటమును, శిఖరము లేక మొండిగా నిలిచిన స్తూపముతో మఱియొక పటమును, రెంటిని ఒకే గ్రంథమున నుంచెను. పోగొట్టుకొనినది ఎంతయో చదువరి తానే కొలుచుకొనవచ్చును.

నిర్మానుష్యమైన నావ

మరల లోపలి పటమునకు వత్తము. ఇప్పటివఱకు మనము స్తంభములను, కమానులను చూచితిమి. మనుష్యులను చూచితిమా? లేదు. అంత పొడవైన నావలో ఒక్కడును లేడు.

ఆ కాలపు వాస్తవము దీనికి పూర్తిగా విరుద్ధము. ఈ నావకు 'పౌలు నడవ' యని లోకులు పేరుపెట్టిరి. పదునాఱవ శతాబ్దము మొదలుకొని ఇది సంతవలె నుండెను. వర్తకులు బేరములాడుటకును, న్యాయవాదులు కక్షిదారులను కలిసికొనుటకును, పని లేనివారు పని వెదకుకొనుటకును, వార్తలు పోగుచేయువారు వినుటకును ఇచ్చటికే వచ్చుచుండిరి. బీరు పీపాలను, రొట్టెల గంపలను, చేపలను, మాంసమును మోసికొనుచు, గుఱ్ఱములను కంచరగాడిదలను తోలుకొనుచు, దగ్గఱి దారియని దేవాలయములోనుండి పోవుచుండగా, అట్లు పోరాదని 1554లో నగర సభవారు శాసనము చేయవలసివచ్చెను. శాసనము వచ్చినను సంత పూర్తిగా తొలగలేదు.

అంతర్యుద్ధ కాలమున స్థితి మఱింత చెడెను. సైనికుల గుఱ్ఱములు నావలో కట్టబడెను. మరమ్మతులకై స్తూపమునకు ఆధారముగా కట్టియుంచిన కొయ్యలను తీసి అమ్మివేయగా దక్షిణ భుజపు కప్పులో కొంత భాగము కూలెను. హోలరు తన కాగితములను పట్టుకొని ఈ దేవాలయములోనికి వచ్చుట ఇట్టి దినములలోనే. దుర్గంధము, చెత్త, పగుళ్లు అతని కంట పడియేయుండును. అతడు గీసిన నావయందు గుఱ్ఱము లేదు, గంప లేదు, పగులు లేదు. స్తంభములు నిన్ననే నిలిపినట్లున్నవి.

ఇది అబద్ధమా? విద్యార్థులారా, ఇచ్చట తొందరపడి తీర్పు చెప్పకుడు. కట్టడపు కొలతలను, కమానుల యాకారములను స్పష్టముగా చూపుటకై గుంపులను విడిచిపెట్టుట చిత్రకారుల వాడుకయే. ఇది యొక కారణము. అయితే హోలరు ఒక్కటి దాచలేదు. ఈ పటములలో నొకదాని క్రింద అతడు లాటినున తన స్వంత పేర నొక వాక్యము చెక్కెను. దాని భావమేమనగా, దినదినము తన పతనమునకై ఎదురుచూచుచున్న ఈ దేవాలయమును చిత్రించినవాడును, పూర్వము దానిని చూచి ఆశ్చర్యపడినవాడునగు బొహీమియావాడైన హోలరు, దాని జ్ఞాపకమును ఈ విధముగా కాపాడెనని.

ఈ వాక్యమును పటముతో కలిపి చదివినప్పుడు నిర్మానుష్యమైన నావ యొక్క యర్థము మాఱును. రాళ్లు పడబోవుచున్నవని అతనికి తెలియును. తెలిసియే వానిని నిలిచియున్నట్లు గీసెను. సంతగా చేయబడినదని అతనికి తెలియును. తెలిసియే ప్రార్థనకు సిద్ధముగా నున్నట్లు చూపెను. ప్రభువు యెరూషలేము దేవాలయమునుండి వర్తకులను వెళ్లగొట్టిన కథ మీరెఱుగుదురు. బీదవాడైన ఈ పరదేశి కొరడా పట్టలేదు, బల్లలు పడద్రోయలేదు. సూదితో గీయునప్పుడు వారిని గీయక విడిచెను. అంతమాత్రముననే నావ శుభ్రమయ్యెను. ఇది నేను చదివిన యర్థము. అతడు ఇట్లే తలంచెనని నేను సాక్ష్యము చెప్పజాలను. పటము మాత్రము ఇట్లు చదువబడుటకు అనువుగా నున్నది.

అగ్ని

1666వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన, ఆదివారమున, లండనులో నొక రొట్టెలవాని యింట అగ్ని పుట్టెను. గాలికి అది వీథి వీథిగా వ్యాపించి, మంగళవారము నాడు పౌలు దేవాలయమును చేరెను. మరమ్మతులకై చుట్టును కట్టిన కొయ్యలు మొదట అంటుకొనెను. పైకప్పుపై పఱచిన సీసము కరగి వీథులలో ప్రవహించెను. రాతి గోడలయందైనను నిలుచునని నమ్మి పుస్తక వర్తకులు దేవాలయపు నేలమాళిగలో దాచిన పుస్తకములును దగ్ధమయ్యెను. రాయి శాశ్వతమనియు, కాగితము అల్పాయువనియు మనము తలంతుము. ఆ దినమున మాళిగలోని కాగితమును రాయి రక్షింపలేకపోయెను. ఎనిమిదేండ్లకు ముందే ఊరూర చెదరిపోయిన కాగితము ఆ రాయి యొక్క రూపమును నేటికిని రక్షించుచున్నది.

ఒక్క విగ్రహము మాత్రము ఇంచుమించు చెడక మిగిలెను. 1621 మొదలు 1631 వఱకు ఆ దేవాలయపు డీనుగా నుండిన జాను డన్ను అను కవి, బోధకుని స్మారక విగ్రహమది. ప్రేతవస్త్రమును చుట్టుకొని, బూడిద కలశముపై నిలువుగా నున్న రూపమది. కడబూర మ్రోగినప్పుడు సమాధినుండి లేచువాని భంగిమ. దానిని కూడ హోలరు డగ్డేలు గ్రంథమునకు చెక్కియుండెను. మరణమునుండి లేచుటకు గుర్తుగా చేయబడిన విగ్రహమే అగ్నినుండి వెలువడుట చూచి అనేకులు ఆశ్చర్యపడిరి. అది నేటి దేవాలయమున నిలిచియున్నది. క్రింది కలశముపై మంటల మచ్చ యింకను కనబడును.

పౌలును, ఓడయు

మొదట మనము వేసికొన్న ప్రశ్నకు ఇప్పుడు ప్రత్యుత్తరము వెదకుదము. ఆ ప్రత్యుత్తరము, ఏ అపొస్తలుని పేర ఈ దేవాలయము వెలసెనో ఆయన జీవితములోనే కలదు. అపొస్తలుల కార్యముల గ్రంథము 27వ అధ్యాయమును తీసి చదువుడు. ఖైదీగా రోమాకు పోవుచున్న పౌలు ఎక్కిన ఓడ పెనుగాలిలో చిక్కుకొనెను. అనేక దినములు సూర్యుడైనను నక్షత్రములైనను కనబడలేదు. ఓడ పోవును గాని మీలో నెవని ప్రాణమును పోదని పౌలు వారికి ధైర్యము చెప్పెను. అట్లే జరిగెను. ఓడ ముందుభాగము నేలను తగులుకొని, వెనుకభాగము అలల దెబ్బకు బద్దలయ్యెను. ఈత వచ్చినవారు ఈదిరి. రానివారు పలకలమీదను, ఓడ చెక్కలమీదను తేలుచు వచ్చిరి. ఆ ఓడలో నుండిన 276 మందియు మెలితే ద్వీపపు తీరమున క్షేమముగా చేరిరి.

ఓడ పోయెను, ఓడ మోసినవారు పోలేదు. పౌలు పేరుగల రాతి నావయు 1666లో బద్దలయ్యెను. అయినను లండనులో ప్రార్థన ఆగలేదు. దేవుని ఆలయము మీరే అని ఈ అపొస్తలుడే కొరింథువారికి బోధించెను గదా! గుర్తు కాలిపోవచ్చును. అది దేనిని సూచించెనో దానికి నిప్పు సోకదు. మామిడాకులు వాడినంతమాత్రమున వివాహము రద్దుకాదు.

అట్లని గుర్తులు నిరర్థకములని తలంపరాదు. ఓడ లేకున్న ఆ 276 మంది అంతదూరము వచ్చియేయుండరు. విఱిగిన తరువాత సైతము ఆ ఓడ చెక్కలే అనేకులను గట్టు చేర్చెను. హోలరు పటములు అట్టి చెక్కలని నేను తలంతును.

క్రిస్టఫరు రెన్ను అను శిల్పి క్రొత్త దేవాలయమునకు 1675లో పని ప్రారంభించెను. 1711లో కట్టడము ముగిసినదని పార్లమెంటు సభ ప్రకటించెను. నేలపై నడిమి స్థానమును గుర్తించుటకై రెన్ను ఒక రాతిముక్కను తెమ్మనగా, పనివాడు పాడుకుప్పలో చేతికి దొరికిన సమాధిరాతి ముక్కను తెచ్చెననియు, దానిపై 'తిరిగి లేతును' అను నర్థముగల లాటిను మాట యొక్కటియే మిగిలియుండెననియు కథ కలదు. కథ ఎట్లున్నను, ఆ మాట నేటి దేవాలయపు దక్షిణ ముఖమున, మంటలనుండి లేచు ఫీనిక్సు పక్షి బొమ్మ క్రింద చెక్కబడియున్నది.

విద్యార్థులకొక మాట

మన తెలుగు సీమలో అనేక గ్రామములందు తొలి విశ్వాసులు మట్టిగోడల నడుమ, తాటాకు కప్పు క్రింద దేవుని ఆరాధించిరి. అట్టి మందిరములు వానలకు కరగినవి. పెక్కింటి స్థానమున ఇటుక మందిరములు లేచినవి. పాతవాని రూపము కొందఱు వృద్ధుల జ్ఞాపకములో మాత్రమే నిలిచినది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ గ్రామ మందిరమును కాగితముపై గీయుడు. రాగిరేకు అక్కఱలేదు, పెన్సిలు చాలును. ద్వారమే దిక్కునకున్నదో, కిటికీలెన్నియో, గంట ఎచ్చట వ్రేలాడుచున్నదో వ్రాయుడు. ఇదివఱకు అచ్చట మట్టి మందిరముండెనేని, మీ అవ్వను, తాతను అడిగి దానిని వేఱొక కాగితముపై గీయుడు. హోలరు తాను చూడని శిఖరమును గీసినట్లు. పటము క్రింద మీ పేరును, తేదీని వేయ మఱవకుడు.

గీయునప్పుడు ప్రతి కిటికీని, ప్రతి స్తంభమును ఇది యేల ఇట్లున్నదని మీరే అడుగుకొందురు. ఆ విధముగా అడుగుటయే గుర్తులను చదువుట నేర్చుట.